వాడని బ్రేకు వేడి

కిందటి వారం రాయపూర్ వెళ్ళే రోడ్డు మీద, నా ముందు పోతున్న లారీ నుంచి కాలిన బ్రేకు లైనింగు వాసన వచ్చింది. గొంతులోకి చేదుగా దిగే వాసన అది. నా కారులో ఏ దోషమూ లేదు. అయినా కుడికాలు దానంతటదే పెడల్‌ను నొక్కి, గట్టిగానే ఉందని తేల్చుకున్నాక వదిలింది. ఆ అలవాటు నాకు రామునాయుడు గారి వల్ల వచ్చింది. తొంభైలలో నేను భిలాయి ఉక్కు కర్మాగారంలో, క్రేన్ల మరమ్మతు విభాగంలో కొత్త ఇంజనీరుని. ఆయన మా ఫోర్‌మన్. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, పాతికేళ్ళుగా క్రేన్ల బ్రేకులు చూస్తున్న మనిషి. ఆయనకొక నియమం ఉండేది: బ్రేకు విప్పి బిగించినవాడే, బరువెత్తే మొదటిసారి ఆ క్రేన్ క్యాబిన్‌లో కూర్చోవాలి. అంతవరకూ మరొకరిని ఎక్కనిచ్చేవారు కాదు.

ఆ రోజుల్లో నా దగ్గర ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఉండేది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఒక సాయంత్రం నేనూ, ఆరో నెల గర్భిణి అయిన నా భార్య సుభద్రా ఊరి శివారులోని మరోదా నుంచి వస్తున్నాం. వరసగా రెండుసార్లు గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చింది. మూడోసారి, రైల్వే గేటు ముందు, పెడల్ రాయిలా గట్టిగా ఉంది గాని వేడెక్కిన డ్రమ్ములు పట్టలేదు. కారు జారుతూ పోయి గేటుకు రెండడుగుల ఇవతల ఆగింది. సుభద్ర రెండు చేతులూ పొట్టమీద వేసుకుంది. ఇల్లు చేరాక, "ఇకమీదట నేను రిక్షాలో వస్తాను. మీరు మీ కారుని ఊరేగించుకోండి" అంది.

వారం రోజులు నాకు ఆ గేటు తప్ప మరేమీ కనబడలేదు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టాలని నిశ్చయించుకుని, కొత్తరకం కారువి సంపాదించి నేనే బిగించాను. ఆదివారం సుభద్రను ఎక్కించుకుంటానని మాట కూడా ఇచ్చాను. శనివారం సెక్టర్ 7లో మా క్వార్టర్‌కి రామునాయుడు గారు వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఏటి బాబూ, పాతవి ఎందుకు తీసేసినావు?"

"భయమేసింది నాయుడు గారూ. ఆగదేమోనని."

"మంచిదే. భయం నేనోడు క్రేన్ ఎక్కకూడదు. మరి ఈటంటే భయం నేదా?"

"ఇవి కొత్తవి కదా!"

ఆయన నవ్వారు. "కొత్త పెళ్ళికొడుకునాగ మాటాడతన్నావు. అమ్మగారికంటే ముందు మనిద్దరం ఎల్దాం. చలో."

మరోదా రోడ్డు మీద రెండుసార్లు ఆపి చూశాను. కారు గీత గీసినట్టు ఆగింది. నా గర్వం నా ముఖంలో కనబడి ఉంటుంది. డిస్కులు చల్లారేదాకా టీ తాగాం. అప్పుడాయన, "ఇప్పుడు బ్రేకు ముట్టకుండా ఐదు కిలోమీటర్లు పోనీ. సెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదే ఉంచు" అన్నారు. ఖాళీ రోడ్డు. చెప్పినట్టే నడిపి, చివర వేగం తగ్గించి హ్యాండ్‌బ్రేకుతో ఆపాను. ఆయన దిగి, ముందు చక్రం చువ్వల సందున డిస్కుకి తగలకుండా అరచేతి వెనుకభాగం పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"వాడని బ్రేకు వేడెక్కింది. ఎందుకంతావు?"

రెండు నిమిషాలు గడిచాయి. "ఇప్పుడు తొక్కు" అన్నారు. నా కాలి కింద పెడల్ ఏ అడ్డూ లేకుండా నేలకు తగిలింది.

కారణం అప్పుడు తట్టింది. డ్రమ్ముల కోసం గొట్టాల్లో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు, పెడల్ తొక్కితే నూనెను తోసే పాత మాస్టర్ సిలిండర్‌లో ఉంటుంది. డిస్కులకు అది పనికిరాదు. నేను దాన్ని తీయలేదు. దారిపొడవునా ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉన్నాయి. ఆ వేడికి బ్రేకు నూనె మరిగి గొట్టాల్లో ఆవిరి చేరింది; పెడల్ తొక్కితే ఆ ఆవిరే నలిగింది గాని ఒత్తిడి ప్యాడ్ల దాకా పోలేదు. మర్నాడు ఆ పక్కసీట్లో ఉండవలసినది సుభద్ర. పెడల్ మీద నుంచి కాలు తీసి ఆయన వైపు తిరిగాను.

"ఆ వాల్వు తీసేస్తే సరిపోతుందా? లేక డ్రమ్ములే మళ్ళీ పెట్టమంటారా?" అని అడిగాను.

"నాను సెప్పను బాబూ. కూకునేది నీ ఇంటి మనిషి. డ్రమ్ము ఎప్పుడు మోసం సేస్తాదో నీకు తెలుసు. డిస్కుది ఎంత తెలుసు?"

"ఇవాళ చూసినదొక్కటే."

"అదే అమ్మగారికి సెప్పు."

డిస్కులు చల్లారాక హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి ఉంచి మెల్లగా ఇల్లు చేరి, ఉన్నదున్నట్టు చెప్పాను. సుభద్ర పూర్తిగా విని, "ఇప్పుడు ఆగుతుందా, ఆగదా?" అని అడిగింది. ఇంజనీరునై ఉండి ఆ ప్రశ్నకు "తెలియదు" అనడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "అయితే తెలిసిన రోజున పిలవండి" అని లోపలికి వెళ్ళింది.

వాల్వు తీసేసి, మూడు నెలలు ఒంటరిగా నడిపాను. ప్రతిసారీ దిగి, చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసి, నోటుపుస్తకంలో రాసుకున్నాను. సుభద్రను పిలిచేనాటికి ఆమె ఒళ్ళో మా పాప ఉంది. అప్పుడు కూడా నా భయం పోలేదు. కాని దేనికి భయపడుతున్నానో ఒక్కొక్కటిగా చెప్పగలిగాను. ఆమె అన్నీ విని, పాపను పక్కింటివారికి అప్పగించి, తానొక్కతే ఎక్కింది.

రామునాయుడు గారు రిటైరై వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు బ్రేకు బిగించాక "సార్, క్రేన్ నడపొచ్చా?" అని అడిగితే చాలాసార్లు "తెలియదు" అనే అంటాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నేను హెల్మెట్ పెట్టుకుని క్రేన్ క్యాబిన్ మెట్ల వైపు నడుస్తాను.