నలగని నిమ్మకాయ

మా చిన్నమామ తన పాత స్పోర్ట్స్ కారు మీద అరచేత్తో తట్టి, "నా బిడ్డ. మాట వింటాది" అనేవాడు. ఎడమ మోకాలు వంగక క్లచ్ తొక్కలేకపోయాక, ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టించాలనుకున్నాడు.

"ఈ ఇంజను బలానికి చిన్నది తాళదన్నా. పెద్దది బిగించాలంటే బండి అడుగు కోయాల," అన్నాడు చిత్తూరు మెకానిక్కు.

"బిడ్డను కోస్తారా యాడైనా? చిన్నదే బిగించప్పా."

ఆనవాయితీ ప్రకారం తొలి ప్రయాణం తిరుమలకే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నేనే హారతిచ్చాను. ఇంజను గర్జించింది గానీ, కొత్త గేరుబాక్సు పట్టక బండి కదల్లేదు.

"ఈ పొద్దుకు బస్సులో పో మామా," అన్నాను.

ఆయన నవ్వి, కిటికీలోంచి చెయ్యి చాపి తలుపు తట్టాడు. బండి ఒక్కసారిగా ఎగిరి దూకింది. మూడు కాయలు నలిగాయి. నాలుగోది దొర్లి నా కాలి దగ్గర ఆగింది.

కొండ దిగేటప్పుడు, మలుపులో, ఆ బిడ్డ ఆయన మాట వినలేదు.