హిల్మా పిన్ని మాట ఆగిన చోటు

మా హిల్మా పిన్ని మాటల పుట్ట. టామరాక్ ఊళ్లో ఆవిడ నోటికి జంకనివాళ్లు లేరు. పడవల కొట్టు యజమాని ఓర్విల్ ఆవిడ లోపలికి వస్తూంటేనే రేడియో కట్టేసేవాడు, రెండూ ఒకేసారి వినలేక. ఆ కొట్టులోనే ఆవిడ ఏళ్ల తరబడి పనిచేసింది. సరస్సుల్లోకి వెళ్లేవాళ్లకు కెనూలు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి తేలిక పడవలు, అద్దెకివ్వడం, తిరిగొచ్చాక బురద కడిగి బోర్లించడం ఆవిడ పని.

మా రేవు దాటితే కెనడా సరిహద్దు దాకా సరస్సులే. మోటారు పడవలు పోనివ్వరు. తెడ్డు వేసుకుంటూ వెళ్లాలి. సరస్సుకీ సరస్సుకీ మధ్య కెనూని భుజాలకెత్తుకుని అడవిలో నడవాలి. పొద్దు వాలితే ఒడ్డున గుడారం వేసుకోవాలి. అడవి నలిగిపోకూడదని మా రేవు నుంచి రోజుకు ఆరు జట్లనే పంపేవారు. వేసవి మొత్తానికి పర్మిట్లు జనవరిలో ఒక ఉదయం కంప్యూటర్లో అమ్మకానికి పెట్టేవారు.

"ఒకటి గమనించావా?" అంది పిన్ని ఒకరోజు కెనూ తోముతూ. నేను ఆవిడకు సాయం చేస్తున్నాను. "వెళ్లేటప్పుడు వీళ్లది ఒకటే గోల. వచ్చేటప్పుడు చూడు, చర్చిలోంచి బయటికొస్తున్నట్టు వస్తారు. ఏం చూశారయ్యా అంటే నవ్వి ఊరుకుంటారు. వీళ్ల నోళ్లు మూయిస్తున్నదేంటో నేనూ చూడాలి."

"నీ నోరు మూయించేది అక్కడుందంటే ఊరంతా చందాలేసుకుని పంపిస్తాం," అన్నాడు ఓర్విల్.

"పంపించు మరి. పర్మిట్ ఏదీ?"

రెండు జనవరులు నేను గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని ప్రయత్నించాను. మంచు పడితే మా ఊళ్లో ఇంటర్నెట్ నత్తలా నడుస్తుంది. పేజీ తెరుచుకునేసరికి వేసవి మొత్తం అమ్ముడైపోయి ఉండేది. పిన్ని నా భుజం మీంచి తొంగి చూసి, "ఇంట్లో కూర్చుని రొట్టెలు కాల్చుకోమంటోందా ఆ పెట్టె?" అనేది.

ఆ వసంతంలో అటవీ అధికారి కొరీన్ బెల్కోర్ట్ మా బడిలో సభ పెట్టింది. రుసుములు పెంచుతున్నారని చాలామంది కేకలేశారు. పిన్ని లేచేసరికి ఓర్విల్ కళ్లు మూసుకున్నాడు.

"రుసుముతో నాకు పేచీ లేదండీ," అంది పిన్ని. "అడవిలో మరుగుదొడ్డి గుంటలు దేవుడొచ్చి తవ్వడు కదా. నా బాధ వేరు. ఆరు జట్లకి పర్మిట్లు అమ్ముడైపోయాయంటారు. పొద్దున రేవులో దిగేది మూడు. ఎక్కడో కూర్చుని చకచకా నొక్కగలిగినవాడు నాలుగు తేదీలు కొనిపెట్టుకుంటాడు. ఎండ బాగున్న తేదీకి వస్తాడు, తక్కినవి వదిలేస్తాడు. వాడు రాడు, ఇంకొకళ్లని రానివ్వడు. నేను ఈ నీళ్ల పక్కనే పుట్టాను. రెండో సరస్సు ఎలా ఉంటుందో నాకింకా తెలీదు."



"మీరు చెప్పింది నా కళ్లతో చూడాలి, హిల్మా గారూ," అంది కొరీన్.

"రండి. కాఫీ నేను పోస్తాను."

కొరీన్ నిజంగానే రేవుకి వచ్చింది. జులైలో చాలా ఉదయాలు బోర్లించిన కెనూ మీద కూర్చుని, పిన్ని పోసిన కాఫీ తాగుతూ, పిన్ని చెప్పే కబుర్లన్నీ వింటూ, రాని పడవల కోసం ఎదురుచూసింది. ఏమీ మాట ఇవ్వకుండా వెళ్లిపోయింది. మరుసటి వేసవికి కొత్త నిబంధన వచ్చింది. పొద్దున చెప్పిన వేళకు జట్టు రాకపోతే ఆ చోటు అటవీ కార్యాలయం ముందు వరసలో నిలబడ్డవాళ్లకే. రుసుము అందరికీ ఒకటే. మరొకరికి అమ్ముకోకూడదు.

మొదటి రోజే పిన్నీ నేనూ మూటాముల్లెతో వెళ్లాం. మాకంటే ముందు ఎమెరీ అనే లారీ డ్రైవరు, ఆయన భార్య నిలబడి ఉన్నారు. రాత్రంతా బండి నడుపుకుంటూ వచ్చారట. ఆ పూట ఖాళీ అయింది ఒక్కటే చోటు. పిన్ని ఎవరన్నది పక్కవాళ్లు చెబితే ఎమెరీ టోపీ తీశాడు.

"ఈ వరస మీవల్ల వచ్చిందట కదా. మీరే వెళ్లండమ్మా."

"ముందొచ్చింది మీరు," అంది పిన్ని. "నేను మధ్యలో దూరితే, సభలో అంత అరిచింది నా కోసమే అనుకుంటారు."

"పిన్నీ, నీ కోసమే కదా అరిచింది?" అన్నాను చెవిలో.

"నోర్మూసుకుని మూట ఎత్తు."

మూటలతో ఇంటికి తిరిగొచ్చాం. మర్నాడూ అంతే. ఆ తర్వాతి ఉదయం కొరీన్ బయటికొచ్చి పిన్ని పేరు పిలిచింది.

మొదటి సరస్సంతా పిన్ని మాట్లాడుతూనే ఉంది. నా తెడ్డు తప్పుగా పడుతోందంది, ఓర్విల్ పిసినారితనం వర్ణించింది. అడవి దారిలో కెనూ నేను మోస్తుంటే, వెనక మూట మోస్తూ దోమల్ని పేరుపేరునా తిట్టింది. రెండో సరస్సులో కాసేపు పాడింది. మూడో సరస్సు పేరు పొడుగు కొండ సరస్సు. అక్కడికి చేరేసరికి పొద్దు వాలుతోంది, గాలి పూర్తిగా పడిపోయింది.

నీళ్లలో ఒక్క మడత లేదు. ఎర్రటి కొండ చరియ పైన ఎలా ఉందో కిందా అలాగే ఉంది, పైన్ చెట్లతో సహా. మబ్బులు కింద కూడా నడుస్తున్నాయి. కెనూ నీటి మీద ఉన్నట్టు లేదు. రెండు ఆకాశాల నడుమ ఎవరో మమ్మల్ని వదిలేసినట్టుంది. తెడ్డు ముంచడానికి నాకు చెయ్యి రాలేదు. పిన్ని ఏదో అనబోయింది. అప్పుడే చరియ నీడలోంచి ఊపిరి వినిపించింది, బరువుగా, మనిషిది కాని ఊపిరి.

మూస్ దుప్పి, గుర్రమంత ఎత్తుది. ఆడది. పక్కన పిల్ల. రెండూ ఈదుకుంటూ మా ముందు నుంచి సరస్సు దాటుతున్నాయి. తల్లి చెవుల మీద నీటి చుక్కలు కనబడేంత దగ్గర. పిల్ల అలిసినప్పుడల్లా తల్లి మెడ మీద గడ్డం ఆనించింది. అవతలి ఒడ్డున తల్లి లేచి నిలబడింది. అంత ఎత్తు జంతువు నీళ్లలోంచి అలా లేస్తూనే ఉంది, లేస్తూనే ఉంది. ఒంటి మీంచి జారిన నీళ్ల చప్పుడు సరస్సంతా పరుచుకుని, చరియకు తగిలి, కాసేపటికి మా దగ్గరికి తిరిగొచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

పిన్ని తెడ్డును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి నేనే కెనూని ఒడ్డుకు చేర్చాను. గుడారం వేశాం, చేప వేయించుకున్నాం, తిన్నాం. ఆవిడ పెదవి విప్పలేదు. నాకు భయం కూడా వేసింది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే నా చేతి మీద చెయ్యి వేసి ఊరుకుంది.

మర్నాడు వాన పడుతుంటే చెట్ల కింద కాఫీ కాచుకున్నాం. అప్పుడు అంది పిన్ని.

"అది మనల్ని చూడను కూడా లేదే."

"చూడలేదు."

"మనం లేకపోయినా అది రోజూ అలాగే దాటుతుంది. ఇన్నేళ్లూ నేను కెనూలు కడుగుతున్నప్పుడూ దాటుతూనే ఉంది." చేతిలో కాఫీ ఒలికిపోతోందని ఆవిడకు తెలియలేదు. "ఎంత బాగుందే, మనం అక్కర్లేకపోవడం."

తర్వాత ఆవిడ మరో నాలుగుసార్లు ఆ సరస్సుల్లోకి వెళ్లింది, ప్రతిసారీ వరసలో నిలబడే. నా మోకాలు పాడయ్యాక తోడుగా ఎమెరీ భార్య వస్తోంది. ఇప్పుడు వరస కార్యాలయం గుమ్మం నుంచి రోడ్డు దాకా ఉంటోంది. చోటు దొరకని ఉదయాల్లో పిన్ని తన వెనకాల నిలబడ్డవాళ్లకు, వాళ్ల వంతు వచ్చినప్పుడు ఏ చరియ పక్కన గుడారం వేసుకుంటే మంచిదో చెప్పి, మూట భుజాన వేసుకుని ఇంటికొచ్చేస్తుంది.