అవ్వ పలకని పేరు

ఉత్తరప్రదేశ్‌లో ఇంకో నిజామాబాద్ ఉందట. నల్లమట్టి కుండలకు పేరుమోసిన ఊరట. ఆ సంగతి చదివినప్పుడు నాకు రెండు ఊళ్ల మీదా జాలేసింది. ఒకే పేరును ఇద్దరు పంచుకోవడం ఎంత తలనొప్పో నాకు తెలుసు. మా ఇంట్లోనైతే ముగ్గురం.

బోధన్ పక్కన పల్లె మాది. తాత పోయాక రెండేండ్లలోపే మా బాపుకూ, ఇద్దరు చిన్నాయనలకూ తలా ఒక కొడుకు పుట్టాడు. పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టడం మా రివాజు. ముందు నేను పెట్టుకున్నానని మా బాపు ఎంత మొత్తుకున్నా తమ్ముళ్లు వినలేదు. అట్లా ఒకే పేరు, ఒకే ఇంటిపేరుతో ముగ్గురం తయారయ్యాం. బడిలో ఒకడు తప్పు చేస్తే ముగ్గురికీ దెబ్బలు పడేవి. చివరికి ఊరే, పండించే పంటను బట్టి మిగతా ఇద్దర్నీ పసుపోడు, చెరుకోడు అని విడదీసింది. నిజామాబాద్‌లో జిరాక్స్ దుకాణం పెట్టుకున్నందుకు నేను జిరాక్సోణ్ని.

అసలు చిక్కు అవ్వతో. పెనిమిటి పేరు నోట పలకని కాలం మనిషి. ఆ పేరే మాది కాబట్టి మమ్మల్నీ పేరు పెట్టి పిలవదు. "ఓ పిలగా" అంటే ముగ్గురం ఉరుకుతాం. పని ఒక్కడికి, తిట్లు మిగతా ఇద్దరికి. నన్ను పెంచింది ఆమే. నలభై ఏండ్లొచ్చినా ఆమె నోట ఒక్కసారి నా పేరు వినాలని నాకు ఆశ. సిగ్గు విడిచి చెప్తున్నాను.

మొన్న పింఛన్ కాయితాల కోసం అవ్వను బోధన్‌లో ఒక ఆఫీసుకు తీసుకుపోయాను.

"మీ ఆయన పేరు చెప్పు అవ్వా," అన్నాడు కుర్చీలోని సారు.

"గీ పిలగాని పేరే," అని నన్ను చూపింది.

నేను నోరు విప్పితే పని అయిపోయేది. విప్పలేదు. గోడ మీది క్యాలెండర్ చదువుతూ నిలబడ్డాను.

"నువ్వే చెప్పాలె. లేకుంటే పింఛన్ ఆగుతది. తాత పోయి ఎన్నేండ్లాయె, ఇంకేమైతది?"

"ఆయన పోయిండు బిడ్డా. గా పేరు మీద ముగ్గురు బతికున్నరు. నేను పలికి ఆళ్ల ఆయుష్షు తగ్గియ్యాల్నా?"

 ఆ మాట విన్నాక కూడా క్యాలెండర్‌నే చదివాను, చూడండి నా బుద్ధి.

అవ్వ నన్నొకసారి ఎగాదిగా చూసి, సంచిలోంచి చిన్న ఫోన్ తీసింది. ఒకటి నొక్కితే పసుపోడు, రెండు నొక్కితే చెరుకోడు. అరగంటలో ఇద్దరూ దిగారు, ఒకడు పసుపంటిన చేతులతో, ఇంకోడు నరుకుతున్న చెరుకు వదిలేసి. అవ్వ మమ్మల్ని వరుసగా నిలబెట్టింది.

"అడుగు సారూ, ఒక్కొక్కన్ని అడుగు."

ముగ్గురం ఒకే పేరు చెప్పాం. లైన్లో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. సారు నెత్తి పట్టుకుని రాసుకున్నాడు. పింఛన్ దక్కింది, నా ఆశ గంగలో కలిసింది.

బయట రోడ్డు మీద, అవ్వ ఎవరి బండి ఎక్కాలని ముగ్గురం వాదులాడుకుంటున్నాం. వెనక నుంచి చెరుకు ట్రాలీ రివర్స్‌లో వస్తోంది. మేం చూసుకోలేదు.

అప్పుడు వినబడింది ఆ పేరు, అవ్వ గొంతుతో. ఇంటిపేరుతో సహా, బజారంతా అదిరేలా.

ముగ్గురం ఒక్క గంతులో పక్కకు దూకాం. చెరుకు గడలు నా భుజానికి రాసుకుంటూ పోయాయి.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్నే పిలిచిందని పసుపోడు, కాదు నన్నేనని చెరుకోడు. నేను పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఎవలను పిలిసినవే అవ్వా?"

"మిమ్ములనెందుకు పిలుస్త?" అని కండ్లు తుడుచుకుంది. "మీ తాతను పిలిసిన, మనుమలను సూసుకొమ్మని."