మీటరుకు పెట్టిన బొట్టు

పటమటలో కాశీరావు చేపల కొట్టుకు వెళితే ముందు కనిపించేవి చేపలు కావు, బొట్లు. కాటాకు బొట్టు, కత్తిపీటకు బొట్టు, ఐసు పెట్టెకు బొట్టు. పనిచేసే ప్రతి వస్తువులోనూ అమ్మవారు ఉంటుందని ఆయన నమ్మకం. అందరికంటే ఎక్కువ పనిచేసే భార్య రత్తమ్మ మాత్రం తన బొట్టు తనే పెట్టుకోవాలి.

ఈ ఏడు ఆ కొట్టు కుళాయికి నీళ్ల మీటరు బిగించారు. చేపల వ్యాపారమంటే సగం నీళ్ల వ్యాపారమే. తొట్టి నింపాలి, నేల కడగాలి, కోసిన ముక్కలను ఉప్పు, పసుపు వేసి తెల్లబడేదాకా కడగాలి. అలా కడిగి ఇస్తుందనే బెంజ్ సర్కిల్ నుంచి కూడా రత్తమ్మను వెతుక్కుంటూ వస్తారు. ఆమె చెంబు ముంచినప్పుడల్లా కాశీరావు ఉలిక్కిపడి మీటరు వైపు చూసేవాడు. బిల్లు కట్టకపోతే కుళాయి పోతుంది. కుళాయి పోతే కొట్టే లేదు.

దసరాకు ఆయన మీటరును మంచి చేసుకోవాలనుకున్నాడు. అద్దం నిండా పసుపు మెత్తి, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టి, "తల్లీ, నెమ్మదిగా తిరుగు" అని దణ్ణం పెట్టాడు.

కార్తీకం వచ్చింది. ఊరంతా శివుడి వైపు తిరిగింది. మా ఇంటితో సహా చేప ముట్టినవాళ్లు లేరు. తొట్టి ఎండిపోయింది, రత్తమ్మ ఈగలు తోలుకుంటూ కూర్చుంది. అలాంటి నెలలో బిల్లు తాటిచెట్టంత వచ్చింది.

రీడింగు తీసే కిరీటిని రత్తమ్మ నడివీధిలో ఆపేసింది.

"ఏం బాబూ, చేపలే లేవు గదా, మరి నీళ్లెవరు తాగారు?"

"నన్నేం చెయ్యమంటారండీ? అంకె కనపడితేగా! ఆ పసుపు గోకినా రాలేదు. కనపడకపోతే పాత నెలల సగటు వేసెయ్యమన్నారు."

అప్పుడు రత్తమ్మ మొగుడి వైపు చూసిన చూపుకు శీలావతి చేప పొలుసు దానంతటదే రాలిపోయేది. చింతపండు, కొబ్బరిపీచు తెచ్చి మీటరును తోమింది. అంకెలు బయటపడ్డాయి. కిరీటి మళ్లీ రాసుకుని బిల్లు సరిచేయించాడు. ఈసారి గోరంతే వచ్చింది.

"చూశావా అమ్మవారి మహిమ!" అన్నాడు కాశీరావు.

"అమ్మవారిది కాదు, చేపలు మానేసినోళ్ల మహిమ" అంది రత్తమ్మ. చిన్న బిల్లు చేతిలో ఉన్నా ఆమెకు నవ్వు రాలేదు. పాపం, ఎండిన తొట్టిని చూస్తే నవ్వెలా వస్తుంది? ఆ నెలంతా వాళ్లింట్లో రెండు పూటలా చారన్నమే.

కార్తీకం ముగిసి, పోలిని స్వర్గానికి పంపిన మర్నాడు జనం కొట్టు మీద విరుచుకుపడ్డారు. నేనూ సంచీ పట్టుకుని వరసలో నిలబడ్డాను. రత్తమ్మ కడిగిందే కడుగుతోంది. మీటరు గిర్రున తిరుగుతోంది.

"కొంచెం చూసి పొయ్యవే! అదెట్టా తిరుగుతుందో చూడు!" అన్నాడు కాశీరావు గుండె పట్టుకుని.

రత్తమ్మ తడి చెయ్యి చెంగుకు తుడుచుకుంది. కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టింది, అద్దానికి కాదు, పక్కనున్న పైపుకు.

"ఇంకా తిరుగు తల్లీ" అంది.