కారం మానేసిన ఏడాది

సీసాల మూతలు తయారుచేసేవాళ్లకి జనం మీద ఏదో చిన్న కక్ష ఉందని నా అనుమానం. తువ్వాలు చుట్టి తిప్పినా, బోర్లించి తట్టినా, వేణ్ణీళ్లలో పెట్టినా కదలవు. డిగ్రీ చదివినవాణ్ణి, పచ్చడి సీసా ముందు ఇలా నిలబడాల్సి వస్తుందనుకోలేదు.

పోయినేడు కళ్లంలో ఎండబోసిన మిరపకాయలు తిరగబోస్తుంటే, కళ్లమే నా చుట్టూ ఓ తిరుగు తిరిగింది. కళ్లాలకి ఆ అలవాటు లేదు కాబట్టి మా ఆవిడ నన్ను టౌనులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. బీపీ అని తేల్చింది ఆవిడ. "ఇలాగే వదిలేస్తే పక్షవాతం దాకా పోతుందండీ" అని, రోజుకో మాత్ర రాసి, పొద్దున్నే నడవమంది, ఉప్పూ కారం తగ్గించమంది.

మా ఆవిడ ఓటు మాత్రకి. వాళ్ల అన్నయ్య ఓటు వెల్లుల్లికీ, మునగాకు కషాయానికీ. "మాత్ర మొదలెట్టావంటే అది నిన్నిక వదలదు బావా" అన్నాడు. బీడీ ఆయన్ని వదల్లేదు, అనుభవం మీద చెబుతున్నాడనుకున్నాను. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక మాత్రలు కొని బీరువాలో పెట్టి, మిగతావన్నీ మొదలెట్టాను.

అన్నిటికన్నా ముందు కారం మానేశాను. ఉప్పూ కారం రెండిట్లో ఏది మానడం కష్టమో అదే మందయి ఉంటుందని మా వైపు నమ్మకం. పైగా మిరప పండించే ఊళ్లో ఉప్పు మానితే ఎవరూ పట్టించుకోరు, కారం మానితే పరామర్శకొస్తారు. ఎదురింటాయన నా కంచంలోకి తొంగిచూసి, "ఏరా, బాగానే ఉన్నావా?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఆయన గొంతు తగ్గించగలడని అప్పుడే తెలిసింది. చప్పిడి కూర గొంతు దిగక కాస్త ఉప్పు చల్లుకునేవాణ్ణి. మజ్జిగలో ఇంకాస్త. కషాయంలో చిటికెడు. అప్పడాల్లో కారం లేదు గనక వాటిమీద అనుమానమే రాలేదు.

నడక మాత్రం, పైకి చెప్పుకోకూడదుగానీ, నచ్చింది. పత్తి చేల మధ్య డొంకదారిలో, మంచులో, పక్కన బావ. ఏ చేను దగ్గరికొస్తే ఆ చేను ఆసామికి ఏం జబ్బో చెప్పేవాడు. ఊరంతా నాలాగే ఉందని తెలిశాక మనసు తేలికపడేది.

మళ్లీ చూపించుకుంటే బీపీ తగ్గకపోగా కాస్త పెరిగింది.

"కారం ముట్టుకోలేదండీ" అన్నాను, మెచ్చుకుంటుందేమోనని.

"ఉప్పో?" అంది డాక్టరమ్మ.

నేను గోడమీది గుండె బొమ్మను శ్రద్ధగా చూశాను. అప్పడాలతో సహా మా ఆవిడే ఏకరువు పెట్టింది.

"మరి మాత్ర?"

"బీరువాలో భద్రంగా ఉందండీ" అంది మా ఆవిడ.

"బీపీ బీరువాకి కాదుగా అమ్మా. కారం సంగతి తర్వాత, ముందు ఆ ఉప్పు తగ్గించమనండి."

ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాను. నడక సాగుతోంది. వెల్లుల్లి మళ్లీ పచ్చట్లోకి వెళ్లిపోయింది, అక్కడే దానికీ నాకూ సుఖం. పండుమిరప పచ్చడికి ఉప్పు తగ్గిస్తే నిలవుండదు, బూజు పడుతుంది. అందుకని ఏడాదికి సరిపడా జాడీ కాకుండా, మా ఆవిడ నాకోసం ఎప్పటికప్పుడు కాస్త నూరి, చిన్న సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతోంది. వేడన్నం, గోరంత పచ్చడి, నాలుగు చుక్కల నెయ్యి. మూత సంగతి తప్ప జీవితం మీద నాకు ఫిర్యాదుల్లేవు. మూత బిగించేది కూడా ఆవిడే.

నిన్న బావ భోజనానికొచ్చాడు. నేను తువ్వాలుతో సీసా మీద కుస్తీ పడుతుంటే, "బీపీ దారికొచ్చిందటగా. ఇంకెందుకు, ఆ మాత్ర ఆపేసి చూడు బావా" అన్నాడు.

ఆ ఆలోచన నాకూ రాలేదని చెప్పను. కాస్త ఆసక్తిగానే తలెత్తాను.

మా ఆవిడ నా చేతిలో సీసా తీసుకుని, ఒక్క తిప్పుతో మూత తీసి, కంచం పక్కన పెట్టింది.

"ఆపించు అన్నయ్యా. రేపు ఈయన మూతి వంకరపోతే, ముద్దలు నువ్వొచ్చి పెడుదువుగాని."