ఒక్క అక్షరం అడిగిన అప్పలస్వామి

మొన్న మంగళవారం ఉదయం ఆరున్నరకు మా ఊళ్లోని నిమ్‌పురా పేట నుంచి కబురు వచ్చింది. అప్పలస్వామి గారు ఇక లేరు. ముందురోజు సాయంత్రం నాలుగింటికి మా వరండాలో కూర్చుని టీ తాగి వెళ్లిన మనిషి. కబురు తెచ్చినవారిని రెండుసార్లు పేరు అడిగాను. రెండుసార్లూ అదే పేరు చెప్పారు.

మా హోటల్ పనివాళ్ల సంఘానికి ఆయన అధ్యక్షుడు. నేను హోటల్లో పనిచేసేదాన్ని కాకపోయినా, మొదటినుంచీ సంఘం సమావేశాల మినిట్స్ రాసినదాన్ని. 1986లో జరిగిన సమ్మె పన్నెండు రోజులని సంతాపసభలో ఎవరో అన్నారు. పదకొండే. ఆయన ఔన్నత్యానికి లేని రోజును కలపవలసిన పని లేదు.

శ్రీకాకుళం వైపునుంచి ఈ బెంగాలీల ఊరికి వచ్చి, రైల్వే స్టేషన్ దగ్గరి ఒక తెలుగు భోజన హోటల్లో ఇరవై రెండేళ్లు వడ్డన చేశారాయన. అక్కడ పనివాళ్లకు పేర్లుండేవి కావు. యాభై దాటినవాడైనా యజమానికి "ఒరే", గిరాకీకి "ఏయ్". తిండి నిలబడే తినాలి, అదీ మిగిలినదే. సంఘం పెట్టిన వారానికి ఆయననూ మరో ఇద్దరినీ పనిలోంచి తీసేశారు. సమ్మె అందుకే మొదలైంది.

డిమాండ్ల కాగితం నేను రాశాను. కింద పందొమ్మిది పేర్లు. మొదట ఆయన పేరు రాయబోతే ఆపి, గిన్నెలు తోమే పార్వతమ్మ పేరు ముందు పెట్టమన్నారు. "నన్ను మీరైనా పేరెట్టి పిలుస్తారమ్మా. ఈవిడ పేరు మొగుడికి తప్ప ఎవులికి తెలుసు?"

"ఆడికీ గురుతుందో లేదో" అంది పార్వతమ్మ.

పదకొండో రోజు యజమాని దిగివచ్చాడు. ముగ్గురినీ మళ్లీ చేర్చుకున్నాడు. సంఘాన్ని ఒప్పుకున్నాడు. కూర్చుని వేడి అన్నం తిననివ్వడానికీ, పేరుతో పిలవడానికీ సంతకం చేశాడు. మర్నాడు టిఫిన్ వేళ, నిండు హోటల్లో, "ఒరే అప్పలసామీ" అని కేకేశాడు. ఆయన కదల్లేదు.

"ఏటిరా అలా సూస్తావు? పేరుతోనే పిలిసినాను గదా, మీ కాగితంలో ఉన్నట్టే."

తప్పు నాది. మనలో పెద్దవాణ్ణి వట్టి పేరుతో పిలవడమే అమర్యాద. అది తెలిసీ 'పేరుతో పిలవాలి' అని రాసి ఊరుకున్నాను. సిగ్గుపడుతూ ఆయన దగ్గరికి వెళ్లాను.

"తప్పు కాదమ్మా, సగమే రాసినారు. పక్కన ఒక్క దా పెట్టండి" అన్నారు.

బెంగాలీలు పెద్దవాళ్ల పేరు చివర దాదాను, అంటే అన్న అనే మాటను, కుదించి చేర్చే 'దా' అది. ఆడవాళ్లకైతే దీదీ, అంటే అక్క. 'గారు' అడగవచ్చు కదా అన్నాను. అది యజమాని నోట రాదనీ, ఇది ఊరందరి నోటా ఉన్నదేననీ ఆయన సమాధానం.

సవరించిన కాగితం చూసి యజమాని పగలబడి నవ్వాడు. "దా అంటే రమ్మనే గదరా. రోజూ అలాగే పిలస్తాను" అంటూ సంతకం పెట్టాడు. మరుసటి ఉదయం ఏమవుతుందో చూడాలని నేనూ వెళ్లి ఒక బల్ల దగ్గర కూర్చున్నాను. యజమాని వేళాకోళంగా సాగదీసి, "స్వామీ... దా" అన్నాడు. వడ్డించేవాళ్ల ముఖాలు మాడిపోయాయి. అప్పలస్వామి గారు మాత్రం తొణకకుండా వెళ్లి, "సెప్పండి బాబూ" అన్నారు.

గోడ పక్కన రోజూ కూర్చునే బెంగాలీ రైల్వే గార్డు ఒకాయన తలెత్తి చూశాడు. యజమానే దాదా అంటున్నాడనుకున్నాడు పాపం. "స్వామిదా, ఎక్ కప్ చా" అన్నాడు. పక్క బల్లవాళ్లూ అందుకున్నారు. మధ్యాహ్నానికి హోటలంతా స్వామిదాయే. ఎగతాళికి అన్న మాటను వెనక్కి తీసుకునే దారి యజమానికి లేకపోయింది.

వంటగదిలో నవ్వులు మొదలయ్యాయి. యజమాని లోపలికి రాగానే అందరూ 'దా, దా' అని ఏడిపించాలని సిద్ధమయ్యారు. అప్పలస్వామి గారు గుమ్మానికి అడ్డంగా నిలబడి అన్న మాటను ఆ సాయంత్రమే మినిట్స్‌లో ఎక్కించాను. "నవ్వకండి. మనకి పరువు కావాల గానీ ఆయనది తీయడం కాదు. ముందు నోరు తిరగనీండి. మనసు దాని ఎనకాలే వత్తాది."

ఎనిమిది నెలలు పట్టింది. యజమాని తనంతట తాను "పార్వతీ దీదీ" అని పిలిచిన రోజు అప్పలస్వామి గారు సెలవులో ఉన్నారు. వినేవాళ్లెవరూ లేరనుకుని పిలిచాడట. ఆ సంగతి పార్వతమ్మే వచ్చి చెప్పింది, కళ్లు తుడుచుకుంటూ.

వచ్చే ఆదివారం కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటాం. నిబంధన అది. వచ్చేవారూ సమర్థులే అవుతారు. కానీ గెలిచిన పూట ఎదుటివాడి పరువుకు కూడా కాపలా కాసిన మనిషిని నా డెబ్బై నాలుగేళ్లలో నేను ఇంకొకరిని చూడలేదు. ఇకమీదట చూస్తానన్న ఆశా లేదు. స్వామిదా, మీకు చేతులెత్తి మొక్కుతున్నాను.