దొరగారి తేలిక తుపాకీ

మొన్న ఆదివారం సింగపూర్‌లో మా జురాంగ్ వెస్ట్ ఫ్లాట్‌లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవడు ఫోను పట్టుకుని నా పక్కన చేరాడు. ఆఫీసు స్నేహితులతో కలిసి న్యూజిలాండ్‌కు జింకల వేటకు వెళ్తున్నాడట. అక్కడ వేటకు తీసుకెళ్లేవాడు నాలుగైదు తుపాకుల బొమ్మలు పంపి, ఏది కావాలో చెబితే సిద్ధం చేసి ఉంచుతానన్నాడట. అన్నీ బోల్టు వెనక్కి లాగి ముందుకు తోసే రకం రైఫిళ్లే, అన్నీ పొట్టివే, ప్రయాణంలో చిన్న పెట్టెలో ఇమిడిపోయేవే. "తాతా, విచ్ వన్ బెటర్ ఆ? టూ హెవీ కెనాట్ లా, హోల్ డే వాకింగ్," అన్నాడు. నేను వయసులో ఉన్నప్పుడు ఈ ఊళ్లోనే ఒక తుపాకుల దుకాణంలో పని చేశానన్నది మా ఇంట్లో పిల్లలకు ఒక వింత కథ. ఇప్పుడు ఈ దేశంలో తుపాకీ అన్న మాట గట్టిగా అనడానికే భయపడతారు కాబట్టి ఆ కథ మరీ వింతగా తోస్తుంది.

నాకు తెలిసింది చెప్పాను. భుజానికి ఆనించే చెక్కను మోచేతి మడతలో పెట్టుకుంటే వేలు సుఖంగా మీటను అందుకోవాలనీ, గొట్టం మరీ పొట్టిదైతే చెవులు గింగురుమంటాయనీ, తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుందనీ చెప్పాను. వాడు తల ఊపి, ఫోనులో ఒక బొమ్మ మీద వేలు పెట్టి, పని అయిపోయిందన్నట్టు లేచిపోయాడు. తేలిక తుపాకీ తన్నే తన్నుల్లో భుజానికి తగిలేది చిన్న తన్నని వాడికి చెప్పలేదు. చెప్పినా వినే ఓపిక వాడికి లేదు. మీరు నా ఈడువాళ్లు, దొరలను చూసినవాళ్లు, మీకు చెబుతాను.

మాది మలేసియాలోని జొహోర్‌లో ఒక రబ్బరు తోట. మా తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చి ఆ చెట్లకు గాట్లు పెట్టినవాడు. మా నాన్న మాత్రం ఆ గాటు కత్తి పట్టలేదు. తోట మేనేజరు దొరకు వేట పిచ్చి. అడవిపందులు లేత మొక్కలను పెళ్లగిస్తున్నాయన్నది పైకి చెప్పే మాట, అసలు సంగతి ఆయన సరదా. ఆ దొర తుపాకీ మోయడమే మా నాన్న ఉద్యోగం. నవ్వకండి, అది నిజంగా ఉద్యోగమే. తుపాకీ తుడవాలి, నూనె పెట్టాలి, తెల్లారేసరికి బంగళా మెట్ల దగ్గర భుజాన వేసుకుని నిలబడాలి, చిత్తడిలోనూ గుట్టల మీదా పొద్దంతా మోసుకు తిరగాలి, పంది కనబడగానే దొర చేయి చాపితే ఆ చేతిలో పెట్టాలి. పేల్చేవాడు దొర, చెమట ఓడ్చేవాడు నాన్న. దానికి ప్రతిఫలంగా కూలీల వరస ఇళ్లకు దూరంగా, బంగళా వెనుక, పలకల గోడలతో మాకొక విడి ఇల్లు ఉండేది. మా అమ్మ రబ్బరు పాల బకెట్టు ముట్టకుండా బతికిందంటే ఆ తుపాకీ పుణ్యమే.

ఇంకొక అధికారం కూడా ఉండేది. దొర కోరలూ ఒక తొడా తీసుకుంటే, మిగిలిన మాంసాన్ని వరస ఇళ్లవాళ్లకు పంచేది మా నాన్నే. దాచకుండా చెబుతాను, ఆ పంపకంలో ఆయన ధర్మరాజేమీ కాదు. నచ్చినవాడికి వీపు మాంసం, నచ్చనివాడికి పేగులు. అరటాకు పట్టుకుని వరసలో నిలబడ్డ పెద్ద పెద్ద మగవాళ్లు ఆయన కత్తి వంక చూస్తూ నవ్వు పులుముకునేవాళ్లు. వాళ్లలో మా మేనమామ కూడా ఉండేవాడు. ఆయనకు తరచు పేగులే దక్కేవి.

దొర తుపాకీ పాతకాలపుది, గొట్టం పొడుగు, చెక్క లావు, ఎత్తితే ఇనప గునపమంత బరువు. ఏళ్ల తరబడి దాన్ని మోసి మోసి నాన్న కుడి భుజం కిందికి జారిపోయింది. రాత్రిళ్లు అమ్మ నువ్వుల నూనె కాచి రుద్దేది. పగలు మాత్రం ఆ నొప్పి సంగతి పైకి పొక్కనిచ్చేవాడు కాదు. ఒకసారి చిత్తడిలో నాన్న ఎడమ భుజానికి మార్చుకోవడం దొర కంటబడింది. ఆ సాయంత్రం బంగళా మెట్ల మీద బూట్లు విప్పించుకుంటూ, మోయలేని ఎద్దును బండికి కట్టి ఉంచరు కదా అని మలాయి భాషలో అన్నాడట. ఆ మాట విన్న దగ్గర నుంచి నాన్నకు నిద్ర లేదు. తుపాకీ పోతే ఇల్లు పోతుంది, ఇల్లు పోతే వరస ఇళ్లకు వెళ్లాలి, అక్కడ పేగులు తిన్నవాళ్లంతా కాచుకుని ఉన్నారు. అందుకే దొర ఒకనాడు కొత్త తుపాకీ కొనాలి, ఈసారి తేలికది చూడాలి అన్నప్పుడు, నాన్న ఇంటికి వచ్చి దేవుడి పటానికి దండం పెట్టుకున్నాడు.

నేను అప్పటికి సింగపూర్‌లో ఆ తుపాకుల దుకాణంలో ఉన్నాను. మలేసియా నుంచి సింగపూర్ విడిపోయిన కొత్త రోజులు, జలసంధి మీది వంతెన దాటి తోటల దొరలు సామాన్లకు ఇక్కడికే వచ్చేవాళ్లు. దుకాణం యజమాని ఒక చీనావాడు, తౌకే అనేవాళ్లం, ఇక్కడ షావుకారును అలాగే అంటారు. నాకు ఆ పని దొర మాట మీదే దొరికింది, ఆ సంగతి దొర ఎప్పుడూ మరిచిపోనిచ్చేవాడు కాదు. నా పని తుపాకులు తుడవడం, పెట్టెల్లో సర్దడం, వచ్చినవాళ్ల చేతికి అందివ్వడం. తుపాకీ ఎంచడానికి ఒక పద్ధతి ఉంది. కొనేవాడు కళ్లు మూసుకుని తుపాకీని భుజానికి ఆనించి, కళ్లు తెరవగానే గురి సూటిగా ఉంటే అది అతనికి కుదిరినట్టు. పొట్టి చేతులవాడికి పొడుగు చెక్క పనికిరాదు. జీపులో, రైలులో తిరిగేవాడికి పొడుగు గొట్టం చిక్కు. ఇవన్నీ తౌకే నాకు నేర్పాడు. నేర్పేటప్పుడు తప్పు చేస్తే మెటికల మీద స్కేలుతో కొట్టేవాడు, అది వేరే సంగతి.

దొర నాన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. నాన్న ఉతికిన ఖాకీ చొక్కా తొడుక్కుని, పాత తుపాకీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నన్ను చూసి కనుబొమ్మలతోనే పలకరించాడు. పాతది ఇచ్చేసి కొత్తది పట్టుకెళ్లాలని దొర ఆలోచన. మూడు తుపాకులు బల్ల మీద పెట్టించాడు, కానీ తన భుజానికి ఒక్కటీ ఆనించుకోలేదు. "కొడుకే తండ్రికి తగిలించాలి, చూద్దాం," అని తౌకే వంక చూసి నవ్వాడు. తౌకే కూడా నవ్వాడు.

నేను ఒక్కొక్కటే నాన్న భుజానికి తగిలించాను. ప్రతిదానికీ దొర ఆయన్ను దుకాణం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించాడు. తరువాత పరుగెత్తమన్నాడు. గొంతుక్కూర్చోమన్నాడు, లేవమన్నాడు, మళ్లీ కూర్చోమన్నాడు. ఇంకెవరో ఇద్దరు దొరలు తూటాలు కొనడానికి వచ్చి, బేరం ఆపి, బల్లకు ఆనుకుని చూస్తూ నిలబడ్డారు. నాన్న వయసు అప్పటికే యాభై దాటింది. రొప్పుతున్నాడు, కానీ మొహాన నవ్వు చెదరనివ్వలేదు. రెండోదానికి లేవబోతూ బల్ల పట్టుకుంటే దొరలు చప్పట్లు కొట్టారు. నా చేతిలో తుపాకీ ఉంది, తూటాలు అద్దాల బీరువాలో ఉన్నాయి, ఆ బీరువా తాళంచెవి కూడా నా నడుముకే వేలాడుతోంది. ఆ క్షణాన నా మనసులో ఏముందో చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

మూడోది పొట్టిది. ఐరోపా నుంచి వచ్చిన సరుకు, సన్నటి అక్రోటు చెక్క గొట్టం చివరిదాకా ఒంటి ముక్కగా సాగి ఉండేది. బోల్టు వెన్నలో కత్తి దిగినట్టు జారేది. భుజాన వేసుకోగానే నాన్న మొహం విప్పారింది. చేయి ఎత్తి దించి చూసుకున్నాడు. భుజం నొప్పి తెలియలేదేమో, దొర చెప్పకముందే తనంతట తనే ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. ఏది బాగుందని దొర అడిగాడు. అంతమంది దొరల ముందు తన మాట అడిగారన్న సంబరంతో నాన్న దీని బరువే తెలియడం లేదని మలాయిలో చెప్పి, నావైపు తిరిగి మన భాషలో, "ఒరే, ఇదేరా. ఇది ఉన్నట్టే నేదు. పసిపిల్ల కూడా మోసీగల్దు," అన్నాడు.

ఏమంటున్నాడని తౌకే నన్ను అడగలేదు. ఆయనకు మలాయి మాట చాలు. దొర వైపు వంగి, ఇంత తేలికదానికి మోసే మనిషెందుకు దొరగారూ, మీ భుజాన మీరే వేసుకోవచ్చు, నెల నెలా ఒక మనిషి జీతం మిగులుతుంది అని బేరం నెగ్గే ధోరణిలో అన్నాడు. దొర నాన్న భుజం మీద నుంచి తుపాకీ తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. తరువాత నాన్నకు అర్థమయ్యేలా మలాయిలోనే, చాలా మామూలుగా, వచ్చే నెల నుంచి నువ్వు గడ్డిమందు కొట్టే ముఠాలోకి వెళ్లు, ఇల్లు కొత్త డ్రైవరుకు కావాలి అన్నాడు.

నాన్న నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసేయాలో ఆయనకు తోచలేదు. సరే దొరగారూ అన్నాడు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుని నొక్కాడు, నా పని కూడా ఆ దొర చలవే కదా. పాత తుపాకీ బల్ల మీద వదిలేసి బయలుదేరారు. దొర కొత్తదాన్ని తనే తగిలించుకుని ముందు నడిచాడు. వెనక నాన్న ఖాళీ చేతులతో నడిచాడు. ఆ చేతులను ఏం చేయాలో తెలియక ఒకసారి వెనక్కి కట్టుకున్నాడు, ఒకసారి జేబులో పెట్టుకున్నాడు, కారు దగ్గరికి చేరేలోపు మళ్లీ తీసేశాడు. వాళ్లు వెళ్లాక తౌకే నాకు పాత తుపాకీ తుడవమని ఇచ్చాడు. తోలు పట్టీ మీద నాన్న చెమట ఇంకా తడిగానే ఉంది. నేను ఏడ్చాను. తడి తగిలితే ఇనుము తుప్పు పడుతుందని తౌకే కసిరాడు.

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది నాన్న పని. గడ్డిమందు డబ్బా నిండితే పాత తుపాకీకి నాలుగు రెట్లు బరువు, దాని పట్టీ సరిగ్గా ఆ జారిన భుజం మీదే. మందు కారి వీపు పొక్కిపోయేది. వరస ఇళ్లవాళ్లు కూడా దయ చూపలేదు. పొద్దున్నే హాజరు వేళకు ఎవడో ఒకడు, "ఏటి బావా, తుపాకీ ఏదీ? మర్సిపోనావేటి?" అనేవాడు, మిగతావాళ్లు నవ్వేవాళ్లు. దొర కొత్త తుపాకీతో మొదటి పందిని కొట్టిన రోజు మాంసం పంచింది మా మేనమామ. అమ్మ అరటాకు పట్టుకుని చివరిదాకా నిలబడితే, మేనమామ తన సొంత చెల్లెలి ఆకులో పంది తోక వేసి, కళ్లకద్దుకుని పట్టుకెళ్లమన్నాడు. అమ్మ ఆ తోకను ఇంటికి తెచ్చి పులుసు పెట్టింది. నాన్న తిన్నాడు. మేనమామను నేను తిట్టలేను. ఆయన తిన్న పేగులు ఆయనకు గుర్తున్నాయి, అంతే. దొరను మాత్రం ఈ రోజుకూ క్షమించలేదు, క్షమించాలన్న కోరికా లేదు.

కొన్నేళ్లకు దుకాణం మూతపడింది, నేను ఫ్యాక్టరీలో చేరి అమ్మనూ నాన్ననూ ఇక్కడికి తెచ్చుకున్నాను. దొర తన దేశం వెళ్లిపోయాడు, తోట కొట్టేసి ఇళ్లు కట్టారు. నాన్న మాత్రం బస్సులో ఖాళీ ఉన్నా కూర్చునేవాడు కాదు, ఎవరితో నడిచినా రెండడుగులు వెనకే నడిచేవాడు. కింద తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో టీ తాగుతూ పక్క బ్లాకుల ముసలివాళ్లకు ఒకే కథ చెప్పేవాడు. దొర అంతటివాడు తన సలహా అడిగి తుపాకీ కొన్నాడనీ, సింగపూర్ దుకాణంలో అంతమంది దొరల ముందు తను ఎంచాడనీ చెప్పేవాడు. కథ అక్కడితో ఆపేసేవాడు.

చివరి జబ్బులో ఒక సాయంత్రం ఆసుపత్రి మంచం మీద, గడ్డిమందుకు పాడైన వీపు వెల్లకిలా పడుకోనివ్వక బోర్లా పడుకుని, నన్ను దగ్గరికి పిలిచి, "ఒరే, నువ్వు తుపాకులన్నీ సూసినోడివి. నేను ఎంచింది మంచిదే గాదేటి?" అని అడిగాడు. మంచిదే నాన్నా, అంతకంటే మంచిది మా దుకాణానికి మళ్లీ రాలేదు అన్నాను. అది నిజమే కూడా. ఆయన తృప్తిగా కళ్లు మూసుకున్నాడు.

ఇప్పుడు ఎవరి తుపాకీ వాళ్లే మోసుకుంటారు, ఎవరి బరువు వాళ్లదే, ఒకడు నడుస్తుంటే ఇంకొకడు చేతులు కట్టుకుని వెనక నడవనక్కరలేదు. మంచి కాలమే, కాదనను. కాని ఆ మంచి కాలం మా ఇంటికి వచ్చిన రోజున ముందుగా చేసిన పని మా నాన్నను గెంటేయడం. దానికి తలుపు తీసింది ఆయనే, అదీ నవ్వుతూ.